పార్కు టికెట్ లేకుండా డిస్నీ వరల్డ్ హోటల్లో సెలవు: ఏ హోటల్, ఏ గది, ఎంతకి?

ఫ్లోరిడాలో ఆర్లాండో పక్కనున్న వాల్ట్ డిస్నీ వరల్డ్ పేరెత్తగానే అందరికీ కోట, రైడ్లు, గంటల తరబడి క్యూలు గుర్తొస్తాయి. అక్కడ డిస్నీ సొంత హోటళ్లే ఇరవైకి పైగా ఉన్నాయని, వాటిలో దిగడానికి పార్కు టికెట్ అక్కర్లేదని చాలామందికి తట్టదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ సంగతి బాగా పనికొస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులు ఉండొచ్చు, చంకలో చంటిపిల్ల ఉండొచ్చు, పార్కులన్నీ ఇదివరకే చూసేసి ఉండొచ్చు. ఒక్కరోజు టికెట్ తేదీని బట్టి మనిషికి సుమారు 120 డాలర్ల నుంచి 200 దాకా పోతుంది. నలుగురున్న ఇంట్లో ఆ డబ్బు మిగిలితే, పార్కు ట్రిప్పులో చేతికందని హోటల్లో రెండు రాత్రులు హాయిగా ఉండొచ్చు.

చిక్కల్లా ఎంపిక దగ్గరే. ఏ హోటల్ మంచిదని వెతికితే వచ్చే సలహాలు దాదాపు అన్నీ పార్కుకి వెళ్లేవాళ్ల కోసం రాసినవి. వాళ్లకి గేటు ఎంత దగ్గరైతే అంత మంచి హోటల్. మీకు ఆ దగ్గరితనంతో పనే లేదు. అందుకే ఆ ర్యాంకింగులు పక్కన పెట్టి, మొదటి నుంచీ వేరే లెక్క వేసుకోవాలి.

1. గది అద్దెలో దేనికి డబ్బు కడుతున్నారో చూడండి

డిస్నీ హోటల్ అద్దెలో కొంత భాగం పార్కు సౌకర్యాలకే పోతుంది. మామూలు జనం కంటే 30 నిమిషాల ముందు పార్కులోకి వెళ్లనివ్వడం, డీలక్స్ అనే ఖరీదైన తరగతి హోటళ్లవాళ్లని కొన్ని రాత్రులు పార్కులో ఎక్కువసేపు ఉండనివ్వడం, డబ్బు కట్టి క్యూ తప్పించుకునే లైట్నింగ్ లేన్‌ని 7 రోజుల ముందే బుక్ చేసుకోనివ్వడం ఇలాంటివే. టికెట్ కొనని మీకు వీటిలో ఒక్కటీ అక్కరకు రాదు.

మీకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి. డిస్నీ సొంత హోటళ్లలో రిసార్ట్ ఫీజు లేదు. రాత్రి పార్కింగ్‌కి 2018లో రుసుము పెట్టారు గానీ 2023 జనవరిలో తీసేశారు, మన కారు మనం పార్క్ చేసుకుంటే ఇప్పుడు పైసా కట్టక్కర్లేదు. బస్సులు, పడవలు, మోనోరైలు, స్కైలైనర్ అనే కేబుల్ కార్లు అన్నీ ఉచితం. వాటిలో ఎక్కడానికి పార్కు టికెట్ అడగరు. వీటికి తోడు 2025 నుంచి, హోటల్లో చెక్-ఇన్ చేసే రోజున వాటర్ పార్కు ప్రవేశం ఉచితంగా ఇస్తున్నారు. పార్కు ఊసు లేని ట్రిప్పుకి ఇంతకంటే పెద్ద బహుమతి ఉండదు. కాకపోతే టైఫూన్ లగూన్, బ్లిజార్డ్ బీచ్ అనే రెండు వాటర్ పార్కులూ ఒకేసారి తెరిచి ఉండటం తక్కువ. చలి ఎక్కువగా ఉన్న రోజున తెరిచిన పార్కుని కూడా మూసేస్తారు. మీ తేదీకి ఆ సౌకర్యం ఉందో లేదో, ఏ పార్కు తెరిచి ఉంటుందో డిస్నీ సైట్లో చూసుకున్నాకే దాన్ని లెక్కలో వేసుకోండి.

అదే ఊళ్లో యూనివర్సల్ హోటళ్లు కూడా ఉన్నాయి. అక్కడ ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ మూడింట్లోనూ గదితో పాటు క్యూలు తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ ఇస్తారు. అద్దె అంత ఎక్కువ ఉండటానికి ఒక పెద్ద కారణం అదే. పార్కుకి వెళ్లనివాళ్లు ఆ గది తీసుకుంటే వాడని పాస్‌కి డబ్బు పోసినట్టే. యూనివర్సల్ వైపే ఉండాలనుకుంటే కబానా బే చూడండి. రెండు పెద్ద పూల్స్, నీళ్లలో తేలుతూ తిరిగే లేజీ రివర్, లోపలే బౌలింగ్ ఉన్నాయి, అద్దె కూడా బాగా తక్కువ. పార్కింగ్‌కి మాత్రం అక్కడ రోజుకింత అని కట్టాలి.

2. మధ్యాహ్నం రెండు గంటలకి ఎవరు ఎక్కడ ఉంటారు?

హోటల్ పేర్లలోకి వెళ్లే ముందు ఈ ప్రశ్న వేసుకోండి. పార్కుకి వెళ్లేవాళ్లకి హోటల్ పడుకోవడానికే. మీకు పగలంతా అక్కడే గడవాలి. ఉదయం, సాయంత్రం ఎక్కడైనా బాగానే గడిచిపోతాయి. అసలు పరీక్ష మధ్యాహ్నమే. ఎండాకాలమైతే ఆ వేళకి ఫ్లోరిడాలో ఉరుములతో వాన పడటం మామూలే. మెరుపులు కనిపిస్తే పూల్ మూసేస్తారు, స్కైలైనర్ ఆపేస్తారు. అప్పుడు మీ ఇంటిల్లిపాదీ ఎక్కడ కూర్చుంటారు? గదిలో టీవీ ముందా, లేక చూడటానికేదో ఉన్న లాబీలోనా?

కాగితం మీద ఒక్కొక్కరి పేరు రాసి, పక్కన ఆ వేళకి వాళ్లు ఏం చేస్తే సంతోషంగా ఉంటారో రాయండి. నాన్నగారికి కుర్చీ, కాఫీ, ఎదురుగా చూడటానికి ఏదైనా. పిల్లాడికి నీళ్లు. మీకు నిద్ర. ఈ కాగితం చూస్తే సగం హోటళ్లు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి.

పెద్దవాళ్లు వస్తుంటే ఇంకో సంగతి ముందే తెలుసుకోవాలి. కొన్ని హోటళ్లు ఒకే భవనంలో ఉంటాయి, కొన్ని చిన్నపాటి ఊళ్లలా పరుచుకుని ఉంటాయి. కరీబియన్ బీచ్‌లో అన్నీ రెండంతస్తుల ఇళ్లే, లిఫ్ట్ ఉండదు. పోర్ట్ ఓర్లీన్స్ రివర్‌సైడ్‌లో అలిగేటర్ బాయూ వైపు గదులూ అంతే. ఇలాంటిచోట్ల కింది అంతస్తు కావాలని బుకింగ్‌లోనే రాయించాలి, అయినా అది విన్నపమే గానీ హామీ కాదు. వైల్డర్‌నెస్ లాడ్జ్, రివియేరా, కాంటెంపరరీ టవర్‌లో లిఫ్ట్ దిగితే లాబీయే. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ కూడా లోపలి నుంచే తిరగగలిగేదే గానీ వరండాలు చాలా పొడుగు. లాబీకి దగ్గర గది కావాలని అడగండి.

3. హోటల్ ఎంచుకోవడం

డిస్నీ తన హోటళ్లని ముఖ్యంగా వాల్యూ, మోడరేట్, డీలక్స్ అని మూడు తరగతులు చేసింది. సీజన్‌ని బట్టి మారుతూ ఉన్నా, పన్నులు కలపకముందు వాల్యూ గది 150–250 డాలర్లు, మోడరేట్ 250–400, డీలక్స్ 450 నుంచి వెయ్యి పైదాకా ఉంటుందని పెట్టుకోండి. పార్కుకి వెళ్లేవాళ్లకి వాల్యూ హోటల్ తెలివైన ఎంపిక. వెళ్లనివాళ్లకి నా సలహా దీనికి ఎదురు: రాత్రులు తగ్గించుకుని తరగతి పెంచుకోండి. వాల్యూలో నాలుగు రాత్రుల కంటే మంచి డీలక్స్‌లో రెండు రాత్రులు ఎక్కువ తృప్తినిస్తాయి.

యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌ని నేను అన్నిటికంటే ముందు పెడతాను. 2001లో తెరిచారు. పార్కుకి వెళ్లేవాళ్లు దీన్ని దూరం అని వదిలేస్తారు. మోనోరైలు లేదు, పడవ లేదు, ఎక్కడికెళ్లాలన్నా బస్సో కారో ఎక్కాలి. మీకు ఆ దూరం వల్ల వచ్చిన నష్టమేమీ లేదు, ఆ దూరం వల్లే దొరికిన నిశ్శబ్దం మాత్రం మీదే. హోటల్ చుట్టూ ఆఫ్రికా గడ్డిమైదానంలా తీర్చిన విశాలమైన నేల, అందులో జిరాఫీలు, జీబ్రాలు, పెద్ద పెద్ద కొమ్ముల అంకోలే ఆవులు. ఆ మైదానం కనిపించే సవానా వ్యూ గది తీసుకుంటే తెల్లవారగానే బాల్కనీ తలుపు తీసి, చల్లగాలిలో కాఫీ కప్పుతో కూర్చోవచ్చు. ముందు ఏమీ కనబడదు. తర్వాత చెట్ల వెనక నుంచి ఒక జిరాఫీ తాపీగా నడుచుకుంటూ వచ్చి, కొమ్మకి మెడ చాచి ఆకులు తెంపుకుంటుంది. పిల్లలు కేకలేయడం మాని గుసగుసగా మాట్లాడటం మొదలుపెడతారు. దీనికి క్యూ లేదు, టైమ్ లేదు, ఎవరూ తొందరపెట్టరు.

ఇందులో జాంబో హౌస్, కిడానీ విలేజ్ అని రెండు భవనాలు ఉన్నాయి. ఎత్తైన లాబీ జాంబోది. కిడానీ కాస్త ప్రశాంతం. అక్కడ చిన్నపిల్లల కోసం నీళ్ల ఆటస్థలం ఉంది, పొడుగు మెడ జిరాఫీకి బంధువైన ఒకాపీని కూడా ఆ వైపు మైదానంలోనే చూడొచ్చు. ఏ భవనంలో దిగినా రెండు పూల్సూ వాడుకోవచ్చు. రెండు చోట్లా గోడల నిండా అసలైన ఆఫ్రికా కళాఖండాలు ఉంటాయి, వాన పడే మధ్యాహ్నం వాటిని ఒక్కొక్కటీ చూస్తూ తిరిగితే గంట ఇట్టే గడిచిపోతుంది.

రెండోది వైల్డర్‌నెస్ లాడ్జ్. 1994 నాటిది. యెల్లోస్టోన్ నేషనల్ పార్కు‌లోని పాత దుంగల హోటల్‌ని మనసులో పెట్టుకుని కట్టారు. లాబీలో 82 అడుగుల ఎత్తున రాతి పొయ్యిగూడు ఉంది, దాని రాళ్లని గ్రాండ్ కాన్యన్ పొరల వరసలోనే పేర్చారు. లాబీ లోపలే ఒక నీటి ఊట మొదలై, చిన్న వాగులా బయటికి పారి, పూల్ వైపు జలపాతంగా దూకుతుంది. సరస్సు ఒడ్డున గీజర్ ఒకటి ఉంది, పగలంతా గంటకోసారి నీళ్లు పైకి చిమ్ముతుంది. పై అంతస్తుల వరండాల్లో కుర్చీలు వేసి ఉంటాయి, కింద లాబీలో జనాన్ని చూస్తూ పుస్తకం చదువుకోవచ్చు. మధ్యాహ్నం రెండు గంటల పరీక్షలో నూటికి నూరు మార్కులు దీనివే. సాయంత్రం ఇక్కడి నుంచి పడవెక్కి ఫోర్ట్ వైల్డర్‌నెస్‌కి వెళ్లండి. అది 750 ఎకరాల అడవిలో పెట్టిన క్యాంప్‌గ్రౌండ్. గుర్రాలశాల చూసి, రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర చిప్, డేల్ అనే డిస్నీ ఉడుత పాత్రలతో పాటలు పాడి రావచ్చు, టికెట్ లేదు.

పిల్లలకి నీళ్లే లోకం అయితే బీచ్ క్లబ్ లేదా యాట్ క్లబ్. రెండింటికీ కలిపి స్టార్మలాంగ్ బే అనే మూడెకరాల పూల్ ఉంది. అడుగున ఇసుక, సుడి తిరిగే నీళ్లు, ఓడ శకలంలోంచి జారే స్లైడ్. ఆ హోటళ్లలో దిగినవాళ్లకే చేతికి బ్యాండ్ వేసి లోపలికి పంపుతారు, పక్క హోటల్లో దిగి ఇక్కడ ఈదుదామంటే కుదరదు. ఈ పూల్ కోసమే ఈ హోటల్ తీసుకుంటున్నారు కాబట్టి, మీ తేదీల్లో అది మరమ్మతుకి మూసి లేదని చూసుకోకుండా బుక్ చేయకండి. సాయంత్రాలు క్రెసెంట్ లేక్ చుట్టూ చెక్కలు పరిచిన బోర్డ్‌వాక్ మీద నడక పెద్దవాళ్లకి కూడా హాయిగా ఉంటుంది.

మోనోరైలు దారిలో ఉన్న కాంటెంపరరీ, పాలినేషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్‌ల సంగతి కాస్త ఆలోచించాల్సిందే. వాటి అద్దెలో పెద్ద వాటా మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు గేటు దగ్గరితనానిదే. కాంటెంపరరీ, పాలినేషియన్ 1971 అక్టోబర్ 1న డిస్నీ వరల్డ్‌తో పాటే తెరిచారు, వాటికి చరిత్ర ఉంది, అందం ఉంది. కాంటెంపరరీ భవనం మధ్యలోంచే మోనోరైలు పోతుంది. లోపల డిస్నీ కళాకారిణి మేరీ బ్లెయిర్ గీసిన 90 అడుగుల టైల్స్ చిత్రంలో అయిదు కాళ్ల మేక ఒకటి దాగుంది, పిల్లల్ని వెతకమంటే భలే కాలక్షేపం. కానీ వీటిని చూడటానికి అక్కడ దిగక్కర్లేదు. ఏ హోటల్లో దిగినా ఒక సాయంత్రం మోనోరైలెక్కి మూడూ చుట్టి రావచ్చు. పాలినేషియన్ ఒడ్డున ఇసుకలో కూర్చుంటే కోట మీది బాణసంచా కనిపిస్తుంది. సరస్సు మీద దీపాల పడవల ఊరేగింపు కూడా 1971 నుంచి వస్తున్నదే. కాబట్టి వీటిలో గది తీసుకోవడం డబ్బుకి వెనకాడని సందర్భాలకే. ఏ పెళ్లిరోజుకో అయితే తప్పకుండా తీసుకోండి.

బడ్జెట్ తక్కువైతే పోర్ట్ ఓర్లీన్స్ ఫ్రెంచ్ క్వార్టర్. మోడరేట్ హోటళ్లలో చిన్నది, పొందిగ్గా ఉంటుంది, లిఫ్టులున్నాయి, పంచదార చల్లిన వేడివేడి బెన్యేలు (నూనెలో వేయించిన తీపి వంటకం) దొరుకుతాయి. ఇక్కడి నుంచి నది మీద పడవలో, షాపులు, రెస్టారెంట్లు ఉండే డిస్నీ స్ప్రింగ్స్‌కి వెళ్లడమే ఒక విహారం. ఆ పడవ కోసమైనా ఈ హోటల్ తీసుకోవచ్చంటాను.

వాల్యూలో తప్పనిసరిగా ఉండాలంటే ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ ఒక్కటే చెబుతాను. ఆరుగురికి సరిపోయే ఫ్యామిలీ సూట్లలో రెండు బాత్రూములుంటాయి, పెద్ద పూల్‌లో నీళ్లలో తల ముంచితే పాటలు వినిపిస్తాయి. ఆల్-స్టార్ హోటళ్లు పార్కు మనుషులకే వదిలేయండి. కరోనాడో స్ప్రింగ్స్ కాన్ఫరెన్సుల హోటల్, ఆఫీసు పని మీద వచ్చినవాళ్లకి బాగానే ఉంటుంది. స్వాన్, డాల్ఫిన్ హోటళ్లు డిస్నీ స్థలంలోనే ఉన్నా నడిపేది వేరేవాళ్లు. అద్దె తక్కువ కనిపించినా రిసార్ట్ ఫీజు, పార్కింగ్ కలిపి చూస్తేనే అసలు ధర తేలుతుంది.

4. గది, వ్యూ

ఇక్కడే ఎక్కువ డబ్బు అనవసరంగా పోతుంది. థీమ్ పార్క్ వ్యూ అని ఒక రకం గదులు ఉంటాయి, కోట కనిపిస్తుందని బాగా ఎక్కువ తీసుకుంటారు. బాణసంచా కాసేపు, ఒడ్డున కూర్చుంటే ఉచితం. ఆ వ్యూ వదిలేయండి.

సవానా వ్యూ మాత్రం వదలకండి. జంతువులు రోజంతా ఉంటాయి, గదిలో గడిపే ప్రతి గంటకీ ఆ డబ్బు పనిచేస్తుంది. అది మరీ భారమైతే స్టాండర్డ్ గది తీసుకుని, హోటల్ వెనకనున్న చూపుస్థలాల దగ్గరికి వెళ్లి కూర్చోండి, అక్కడా జంతువులు బాగానే కనిపిస్తాయి. మిగతా హోటళ్లలో స్టాండర్డ్ గదే చాలు.

గదిలో చిన్న ఫ్రిజ్, కాఫీ మెషిన్ అన్నిచోట్లా ఉంటాయి. డిస్నీ వెకేషన్ క్లబ్ (బస కోసం ముందే డబ్బు కట్టే సభ్యుల పథకం) విల్లాల స్టూడియోల్లో మైక్రోవేవ్ కూడా ఉంటుంది. ఒక పడకగది విల్లా తీసుకుంటే పూర్తి వంటగది, వాషింగ్ మెషిన్ దొరుకుతాయి. పెద్దవాళ్లకి రోజూ ఇంటి తిండే పడాలంటే ఈ ఒక్క సౌకర్యంతో టెన్షన్ సగం తగ్గిపోతుంది.

5. తిండి లెక్క ముందే

రోజంతా హోటల్లోనే ఉంటే మూడుపూటలా అక్కడే తినాలి. కాబట్టి హోటల్లో కనీసం ఒక సాదా కౌంటర్, ఒక కూర్చుని తినే రెస్టారెంట్ ఉన్నాయో లేదో చూసుకుని, వాటి మెనూలు ముందే చదవండి. శాకాహారులకి యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ ఇక్కడ కూడా ముందే ఉంటుంది. కిడానీలోని సనా రెస్టారెంట్‌లో ఆఫ్రికా, భారతీయ రుచులు కలిపి వండుతారు. అక్కడి బ్రెడ్ సర్వీస్‌లో నాన్ లాంటి రొట్టెలతో పాటు తొమ్మిది రకాల చట్నీలు, పచ్చళ్లు వరసగా పెట్టి తెస్తారు. కిటికీ బయట జీబ్రాలు మేస్తుంటాయి. పగలు వెళ్తేనే ఆ దృశ్యం కనిపిస్తుంది, కాబట్టి మధ్యాహ్నం భోజనానికి పెట్టుకోండి.

పార్కుకి వెళ్లకపోతే మిక్కీ కనబడడని పిల్లలు బెంగపడితే, పాత్రలు టేబుల్ దగ్గరికే వచ్చే భోజనాలు హోటళ్లలోనే ఉన్నాయి. కాంటెంపరరీలో షెఫ్ మిక్కీస్, రివియేరాలో టోపోలినోస్ టెర్రస్ ఉదయం ఫలహారం, మిక్కీ కాకుండా వేరే పాత్రలైనా చాలంటే గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో 1900 పార్క్ ఫేర్. పెద్దవాళ్లకి 50 డాలర్లు, ఆపైన అవుతుంది. అయినా పార్కులో మిక్కీతో ఫోటో కోసం నిలబడే క్యూతో పోలిస్తే పిల్లలకి దగ్గరగా దొరికే సమయం ఎక్కువ. బుకింగ్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. డిస్నీ హోటల్లో దిగేవాళ్లు చెక్-ఇన్ రోజుకి 60 రోజుల ముందే, తమ బస మొత్తానికీ ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. పార్కుకి వెళ్లనివాళ్లకి కూడా ఈ హక్కు వర్తిస్తుంది, వాడుకోండి.

6. తేదీలు

జనవరి చివర నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా, మళ్లీ ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ దాకా అద్దెలు తగ్గుతాయి. పూల్స్‌లో ఏడాది పొడవునా వేడినీళ్లే గానీ, జనవరిలో బయటికి రాగానే వణుకు పుడుతుంది. సెప్టెంబర్లో ఎండ, వాన రెండూ ఉంటాయి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుపాన్ల కాలం, ఆ నెలల్లో రద్దు చేసుకునే వీలున్న బుకింగే చేయండి. శుక్ర, శనివారాలు తప్పించి ఆదివారం నుంచి గురువారం మధ్యలో పెట్టుకుంటే అదే గది చాలాసార్లు తక్కువకే వస్తుంది. పార్కుకి వెళ్లేవాళ్లు వారమంతా ఉండాలి కాబట్టి వాళ్లకి ఈ వెసులుబాటు లేదు.

డిసెంబర్ మాట వేరు. అద్దె ఎక్కువే, కానీ హోటళ్లే ఒక వేడుకలా ఉంటాయి. గ్రాండ్ ఫ్లోరిడియన్ లాబీలో మనుషులు లోపల నిలబడేంత జింజర్‌బ్రెడ్ (అల్లం రుచి తీపి బిస్కెట్) ఇల్లు చాలా ఏళ్లుగా కడుతూ వచ్చారు, మీరు వెళ్లే ఏడాది ఉందో లేదో చూసుకోండి. పార్కు లేకుండా వెళ్లడానికి ఏడాదిలో ఇంతకంటే అందమైన కాలం లేదని నా అభిప్రాయం. క్రిస్మస్ వారం మాత్రం వదిలి, నెల మొదటి సగంలో చూడండి.

7. బుకింగ్

సైట్లో ప్యాకేజీ జోలికి పోకుండా గది ఒక్కటే తీసుకునే రూమ్ ఓన్లీ బుకింగ్ ఎంచుకోండి. ముందు ఒక రాత్రి అద్దె డిపాజిట్‌గా కడితే చాలు, రద్దు గడువు కూడా ప్యాకేజీ కంటే సులువు. ఆ గడువు తేదీని ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి. బుక్ చేశాక కూడా వారానికోసారి ధర చూస్తుండండి. డిస్కౌంట్ వచ్చి, మీ తరహా గది అందులో ఉంటే ఉన్న బుకింగ్‌నే ఆ ధరకి మార్చించుకోవచ్చు. కనిపించే అద్దె మీద పన్ను సుమారు 12.5 శాతం పడుతుంది, 500 డాలర్ల గది 560 దాటుతుంది.

డీలక్స్‌లో ఉండాలని ఉండి అంత పెట్టలేకపోతే, డిస్నీ వెకేషన్ క్లబ్ సభ్యుల పాయింట్లని అద్దెకి తీసుకునే పద్ధతి ఉంది. సభ్యులు తాము వాడుకోని పాయింట్లని మధ్యవర్తి సంస్థల ద్వారా ఇస్తారు. కిడానీ, వైల్డర్‌నెస్ లాడ్జ్, బీచ్ క్లబ్‌లలోని విల్లా గదులు ఇలా డిస్నీ ధర కంటే బాగా తక్కువకి దొరుకుతాయి. ఉచిత పార్కింగ్ కూడా వర్తిస్తుంది. అయితే చాలావరకు డబ్బు తిరిగి రాదు, తేదీలు మార్చుకోవడం కష్టం. రోజూ గది శుభ్రం చేసే సేవ కూడా ఇలా పాయింట్ల మీద తీసుకున్న గదుల్లో ఉండదు. తేదీలు ఖాయమైనవాళ్లకే ఈ దారి.

డబ్బు కట్టే ముందు ఆఖరిగా ఒక పని. హోటల్ పేరుతో పాటు మీ నెలలో మరమ్మతులున్నాయేమో వెతకండి. పార్కుకి వెళ్లేవాళ్లకి పూల్ మూసేసినా ట్రిప్పు నడిచిపోతుంది. మీకు పూల్ మూశారంటే ట్రిప్పే పోయినట్టు.

8. కారు కావాలా?

విమానాశ్రయం నుంచి హోటళ్లకి డిస్నీ ఒకప్పుడు ఉచిత బస్సు నడిపేది, 2022లో ఆపేసింది. ఇప్పుడు డబ్బులిచ్చి షటిల్ ఎక్కాలి, లేదా ఊబర్ లాంటివి పిలవాలి. రెండు రాత్రులు ఒకే హోటల్లో ఉండేవాళ్లకి అది చాలు. వేరే హోటళ్లు చూడాలనుకుంటే మాత్రం, ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి నేరుగా బస్సులుండవు. పార్కు దగ్గరో డిస్నీ స్ప్రింగ్స్ దగ్గరో దిగి మారాలి, దానికి గంట పైనే పట్టొచ్చు. పెద్దవాళ్లతో ఆ తిప్పలు పడేకన్నా ఆ ఒక్క ప్రయాణానికి క్యాబ్ తీసుకోవడం నయం. సొంత కారులో వచ్చేవాళ్లకి పార్కింగ్ ఎలాగూ ఉచితమే. వేరే డిస్నీ హోటల్‌కి వెళ్లేటప్పుడు అక్కడ భోజనం బుకింగ్ ఉంటే గేటు దగ్గర ఇబ్బంది ఉండదు.

9. వెళ్లాక

ఎన్ని హోటళ్లలో ఇసుక ఒడ్లు, ఊయల మంచాలు కనిపించినా సరస్సులో మాత్రం దిగకండి, పిల్లల్ని నీటి అంచుకి కూడా పోనివ్వకండి. ఫ్లోరిడా చెరువుల్లో మొసళ్లుంటాయి, బోర్డులు పెట్టింది అందుకే. ఈతంతా పూల్‌లోనే.

గది మధ్యాహ్నం 3 గంటలకి ఇస్తారు, విల్లాలైతే 4 గంటలకి. అంతవరకూ ఆగక్కర్లేదు. ఉదయమే వచ్చి సామాను బెల్ సర్వీసెస్‌కి అప్పగించి, ఈత బట్టలు చేతి సంచిలో పెట్టుకుని పూల్‌కో వాటర్ పార్కుకో వెళ్లిపోండి. ఆ రోజుకి జరిగే కార్యక్రమాల చీటీ లాబీలో అడిగి తీసుకోండి. పూల్ దగ్గర ఆటలు, రాత్రిపూట ఆరుబయట సినిమా, క్యాంప్‌ఫైర్ లాంటివి చాలావరకు ఉచితమే, వేళలు మాత్రం హోటల్‌ని బట్టి మారతాయి.

ఖాళీ చేసేది ఉదయం 11 గంటలకి. గది తాళం ఇచ్చేసినా ఆ రోజంతా హోటల్ మీదే. సామాను మళ్లీ బెల్ సర్వీసెస్‌లో పెట్టి, పూల్‌లో దిగొచ్చు. పూల్ దగ్గరున్న షవర్లలో స్నానం చేసి బట్టలు మార్చుకోవచ్చు. అందుకే తిరుగు విమానం రాత్రి ఏడు తర్వాతది చూసుకుని, మారు బట్టలు, తువ్వాలు, మందులు ఉన్న చిన్న సంచిని మాత్రం సామానులో పెట్టకుండా మీ దగ్గరే ఉంచుకోండి.